40 రోజులు అద్దం ముందు "నేను విజేతను" అని చెప్పుకున్నాను, ఏమీ మారలేదు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్స్ విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. రెండుసార్లు ప్రమోషన్ తప్పిపోయింది, రెండోసారి నా తర్వాత చేరిన అబ్బాయికి ఇచ్చారు. మీటింగుల్లో నేను ఎప్పుడూ మాట్లాడలేను, నోరు తెరిస్తే ఏదో తప్పు చెప్తానని, అందరూ నవ్వుతారని భయం. పోయిన ఏడాది లెక్కల్లో ఒక పెద్ద తప్పు నేనే పట్టుకున్నాను కానీ మీటింగులో దాన్ని మా మేనేజర్ చెప్పారు, నేను ఎప్పటిలాగే తల దించుకుని కూర్చున్నాను. డేటా అనాలిసిస్ కోర్సులో రెండుసార్లు చేరి రెండుసార్లూ నెలాఖరు క్లోజింగ్ పని (ఆ నెల లెక్కలన్నీ ముగించే పని) వచ్చిపడగానే వదిలేశాను. నేను ఏదీ ఎప్పుడూ పూర్తి చేయను. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది మాత్రం నేనే. నా ఫ్రెండ్ "ముందు నీ ఆలోచనా విధానం మార్చుకో, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి" అంది. రోజూ పొద్దున్నే మోటివేషన్ వీడియోలు చూశాను, 40 రోజులు అద్దం ముందు నిలబడి "నేను విజేతను" అని చెప్పుకున్నాను. ఇప్పుడు ఇంకా నీరసంగా ఉంది, ఆ ఒక్క మాట కూడా నమ్మలేకపోయానే అని. ఆలోచన మార్చుకోవడం అంటే అసలు ఏం చేయాలి? లేక ఇదంతా ఉత్తి కబుర్లేనా? (పేరు వేయవద్దు)

జవాబు: ముందు ఆ అద్దం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. 40 రోజులు ఒక పనిని క్రమం తప్పకుండా చేశారు, అది పనిచేయకపోతే పద్ధతిని తిట్టుకోవాల్సింది పోయి మళ్ళీ మిమ్మల్నే తిట్టుకున్నారు. 2009లో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆవిడతో పనిచేసేవాళ్ళు కలిసి కెనడాలో సరిగ్గా ఈ విషయం మీదే ఒక పరిశోధన చేశారు. తమ మీద తమకు పెద్దగా గౌరవం లేనివాళ్ళ చేత "నేను ప్రేమకు తగిన మనిషిని" అనే మాట పదే పదే అనిపించి చూస్తే, ఆ మాట అననివాళ్ళ కంటే అన్నవాళ్ళే ఎక్కువ డీలాపడ్డారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మీరు "నేను విజేతను" అనగానే లోపలున్న మనిషి ఊరుకోదు కదా, "అలాగా, మరి ప్రమోషన్ ఎవరికొచ్చిందో?" అని అడుగుతుంది. మీరు రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోగానే మీ మీద మీరే ఒక కేసు వేసుకుని, ఓడిపోయి, ఆఫీసుకు వెళ్ళారన్నమాట. ఆ అలవాటు ఈ రోజే ఆపేయండి.

వీడియోల సంగతీ అంతే. గెలిచినట్టు కళ్ళు మూసుకుని ఊహించుకోమంటారు చూడండి, దాని మీద గాబ్రియెల్ ఓటింగెన్ అనే ఆవిడ చాలా ఏళ్ళు పనిచేశారు. 1991లో వచ్చిన పరిశోధనలో, బరువు తగ్గాలని ఒక కార్యక్రమంలో చేరిన 25 మంది ఆడవాళ్ళను ఏడాది పాటు గమనించారు. అంతా సాఫీగా జరిగిపోయినట్టు, సన్నబడిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్ళు, కష్టాన్ని కూడా ఊహలోకి రానిచ్చినవాళ్ళ కంటే దాదాపు 11 కిలోలు తక్కువ తగ్గారు. తమాషా ఏంటంటే "నేను తగ్గగలను" అని నమ్మినవాళ్ళు మాత్రం ఎక్కువే తగ్గారు. అంటే నమ్మకం వేరు, పగటికల వేరు. పగటికలలో మనసు ఆ పని అప్పుడే అయిపోయినట్టు సేదతీరుతుంది, ఇక లేచి కదలడానికి దానికి కారణం ఏముంటుంది? వీడియో చూసిన అరగంట బాగుండి, ఆ తర్వాత రోజంతా చప్పగా అనిపించడం మీ ఒక్కరికే జరిగేది కాదు.

అయితే ఇదంతా ఉత్తి కబుర్లేనా అన్నారు. కాదు. మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం, "మిగతావన్నీ వాటంతటవే వస్తాయి" అన్న సగమే అబద్ధం.

1960ల్లో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు, డిప్రెషన్‌తో వచ్చేవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు ఒకటి గమనించాడు. వాళ్ళు పైకి చెప్పే మాటల వెనక ఇంకో మాటల ధార సన్నగా నడుస్తూ ఉంటుంది, "నేను ఈయనకు విసుగు పుట్టిస్తున్నాను", "నా వల్ల ఏమీ కాదు" లాంటివి. ఎవరూ పిలవకుండా వాటంతటవే వస్తాయి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోతాయి, వెళ్ళేముందు మూడ్ మొత్తం పాడుచేసి వెళ్తాయి. బెక్ చేసిన గొప్ప పనల్లా ఆ మాటల్ని పట్టుకుని, కాగితం మీద పెట్టి, ఇది నిజమేనా చూద్దాం అని రోగితో కలిసి కూర్చోవడం. ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని పిలిచే చికిత్సకు మొదలు అదే. ఇక్కడ గమనించాల్సింది, చెడ్డ మాట తీసేసి మంచి మాట పెట్టమని ఆయన చెప్పలేదు. ముందు సోదా చేయమన్నాడు. మీరు అకౌంట్స్ మనిషి, మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. వోచర్ లేని ఖర్చును మీరు పుస్తకంలో రాయనిస్తారా? మరి మీ గురించి మీరు ఏ వోచరూ లేకుండా ఎన్ని ఎంట్రీలు రాసేశారో చూడండి.

మీ ఉత్తరం ఇక్కడ బాగా కుదించి వేశాను, మొత్తం ఉత్తరంలో "ఎప్పుడూ" అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది, వేళ్ళ మీద లెక్కపెట్టాను. అందులో ఒకటి, "నేను ఏదీ ఎప్పుడూ పూర్తి చేయను." దీన్ని ఒకసారి సోదా చేద్దాం. ఆరేళ్ళుగా ప్రతి నెలా క్లోజింగ్ పూర్తి చేస్తున్నారు, అంటే 70 సార్లకు పైగా, గడువులోపల, తలనొప్పులున్నా లేకపోయినా. 40 రోజుల అద్దం కూడా పూర్తి చేశారు, అది పనికిరాని పనే అయినా పూర్తి చేశారు కదా. పూర్తికానిది కోర్సు ఒక్కటే. అది కూడా రెండుసార్లూ ఒకే చోట ఆగింది, నెలాఖరు దగ్గర! ఈ ముక్క మీరే రాశారు, రాసి దాన్ని చూడకుండా దాటిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబంతా ఇక్కడే ఉంది. "నేను ఏదీ పూర్తి చేయను" అనుకున్నంతసేపు మీరు చేయగలిగింది ఏమీ లేదు, బాధపడటం తప్ప. అది తీర్పు, తీర్పు చెప్పేశాక కోర్టు లేచిపోతుంది. "రెండుసార్లూ నెలాఖరు పని మీదపడినప్పుడు కోర్సు ఆగింది" అనుకుంటే అది సమాచారం. సమాచారం ఉంటే వెంటనే ప్రశ్నలు పుడతాయి. నెలాఖరు ముందూ వెనకా వారం రోజులు కోర్సుకు సెలవు పెట్టుకుంటే? గడువు లేకుండా మన వీలును బట్టి చేసుకునే కోర్సు దొరుకుతుందా? మూడు నెలల కోర్సును నాకు అయిదు నెలలు అని ముందే రాసుకుంటే? రెండు వాక్యాలూ ఒకే సంఘటన గురించే. రెండోదాంట్లో పొగడ్త లేదు, ధైర్యం నూరిపోయడం లేదు, అద్దం ముందు అనుకోవడానికి అస్సలు బాగుండదు. కానీ నమ్మడానికి దానికి ఏ ప్రయాసా అక్కర్లేదు, ఎందుకంటే అది జరిగింది. నేను ఆలోచన మార్చుకోవడం అనేది దీన్ని. తీర్పులాంటి వాక్యాన్ని, ఏదైనా పని పుట్టించే వాక్యంగా మార్చడం.

మీరు "కానీ" అనేముందే నేను అనేస్తాను. కాగితం మీద ఇదంతా బాగుంది కానీ, మీటింగు రూములో కూర్చున్నప్పుడు గుండె దడదడలాడుతుంటే ఏ సోదా గుర్తొస్తుంది? నిజమే, గుర్తురాదు. భయం తర్కానికి లొంగేదే అయితే ప్రపంచంలో చీకటికి భయపడే పెద్దవాళ్ళు ఉండరు. మీ భయం ఇన్నేళ్ళు ఎలా బతికిందో చూడండి. "నోరు తెరిస్తే నవ్వుతారు" అనుకుంటారు, అందుకని నోరు తెరవరు, తెరవలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు, మనసేమో "చూశావా, నోరు మూసుకున్నందుకు బయటపడ్డాం" అని లెక్క రాసుకుంటుంది. ఆరేళ్ళ మీటింగుల్లో మీ మాటకు ఎవరైనా నవ్వుతారా నవ్వరా అన్నదానికి మీ దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు, అటూ లేదు ఇటూ లేదు. దాన్ని తెచ్చుకోవాలంటే కూర్చుని ఆలోచిస్తే కుదరదు.

ఆల్బర్ట్ ఎల్లిస్ అని బెక్ కంటే కొంచెం ముందే ఇలాంటి చికిత్స మొదలుపెట్టిన ఇంకో అమెరికన్ సైకాలజిస్టు, 1950ల్లో. ఆయన తన కుర్రతనం గురించి చెప్పుకున్న కథ ఒకటుంది. 19 ఏళ్ళప్పుడు ఆడపిల్లలతో మాట్లాడాలంటే చచ్చేంత భయమట. న్యూయార్కులో బ్రాంక్స్‌లోని బొటానికల్ గార్డెన్‌కు ఒక నెలపాటు వెళ్ళి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న అమ్మాయి కనిపిస్తే తనూ వెళ్ళి కూర్చుని ఒక నిమిషంలోపు మాట కలపాలని తనకు తనే రూలు పెట్టుకున్నాడు. 130 మంది దాకా అలా కనిపిస్తే 30 మంది లేచి వెళ్ళిపోయారు, వంద మందితో మాట్లాడాడు, ఒక్క అమ్మాయి మాత్రం మళ్ళీ కలుస్తానంది, ఆ అమ్మాయి కూడా రాలేదు. (ఈ రోజుల్లో ఈ పని చేయమని నేను ఎవరికీ చెప్పను, బెంచీ మీద ప్రశాంతంగా కూర్చున్న అమ్మాయికి అదొక బెడద.) లెక్క ప్రకారం చూస్తే వందకు సున్నా. కానీ ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు, తను అనుకున్న ఘోరాల్లో ఒక్కటీ జరగలేదు, భయం పోయింది అని చెప్పుకున్నాడాయన. గెలిచి భయం పోగొట్టుకున్న కథలు వీడియోల్లో చాలా చూసుంటారు, వరసగా ఓడిపోతూ భయం పోగొట్టుకున్న ఈ కథ నాకు వాటన్నిటికంటే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మీకు మొదటి నెలలో గెలుపు వస్తుందని నేను మాట ఇవ్వలేను.

కాబట్టి మీటింగులో చేయాల్సింది చాలా చిన్నది. అదరగొట్టే ప్రెజెంటేషన్ ఎవరూ అడగలేదు. ఒక్క వాక్యం, అది కూడా మీకు అంకెలతో సహా తెలిసినది, ముందే కాగితం మీద రాసుకున్నది. "ఈ అంకె పోయిన నెలకు సరిపోవడం లేదు, నేను చూసి సాయంత్రంలోపు చెప్తాను" లాంటిది చాలు. ఎప్పుడు చెప్పాలో కూడా ముందే తేల్చుకోండి, "వీలు దొరికితే చెప్తాను" అనుకుంటే ఆ వీలు రిటైరయ్యేదాకా దొరకదు. "ఖర్చుల రిపోర్టు తెర మీదకు రాగానే నా వాక్యం చెప్పేస్తాను" అనుకోండి. ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముడివేసి పెట్టుకోవడం గురించి పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు బాగా పరిశోధించాడు. 1997 నాటి ఒక పరిశోధనలో కొందరు విద్యార్థుల్ని సెలవుల్లో ఒక రిపోర్టు రాసి పంపమన్నారు. సగం మందిని ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. అలా నిర్ణయించుకున్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది పంపారు, మిగతావాళ్ళలో మూడోవంతే. అందరికీ పంపాలనే ఉంది, తేడా అల్లా ఆ ముడిలో ఉంది. మీ కోర్సుకూ ఇదే, "ఈసారి శ్రద్ధగా చదువుతాను" అనకుండా ఏ రోజు, ఏ టైమ్, ఏ కుర్చీ అన్నది రాసుకోండి.

గుండె దడ మాత్రం వస్తుంది, రానివ్వండి. దాన్ని అణచి "ప్రశాంతంగా ఉండాలి, ప్రశాంతంగా ఉండాలి" అనుకుంటే టెన్షన్ గురించి ఇంకో టెన్షన్ మొదలవుతుంది. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ చేసిన ప్రయోగాల్లో, స్టేజీ మీద మాట్లాడేముందో పాడేముందో "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళ కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్ళే బాగా చేశారు. శరీరానికి భయమైనా ఉత్సాహమైనా ఇంచుమించు ఒకటే, అదే దడ, అదే చెమట. పేరు మార్చడం తేలిక, దడ ఆపడం కష్టం. ఇది కూడా అద్దం ముందు మాటలాంటిదేగా అంటారేమో, తేడా ఉంది. అక్కడ "విజేతను" అనేదానికి లోపల సాక్ష్యం లేదు, ఇక్కడ కొట్టుకుంటున్న గుండే సాక్ష్యం.

ఒక చిన్న పక్కదారి, క్షమించాలి. ఆ వీడియోల్లో రోజర్ బానిస్టర్ కథ మీకు తగిలే ఉంటుంది. నాలుగు నిమిషాల్లోపు మైలు పరిగెత్తడం మనిషికి అసాధ్యమని అందరూ అనుకున్నారట, 1954 మే 6న ఆయన 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తగానే అందరి మనసుల్లో గోడ కూలిపోయి వరసగా అందరూ పరిగెత్తేశారట. నాకు ఈ కథ చెప్పే తీరు నచ్చదు. 46 రోజులకే ఆ రికార్డు బద్దలుకొట్టిన జాన్ లాండీ ఏమీ హఠాత్తుగా ఆలోచన మార్చుకున్న మనిషి కాదు, 1952లోనే 4 నిమిషాల 2 సెకన్ల దగ్గరకు వచ్చేసి అప్పటినుంచి ఆ రెండు సెకన్ల కోసం చెమటోడుస్తున్నాడు. బానిస్టర్‌కు ఆ రోజు ముందు పరిగెత్తుతూ వేగం కుదర్చడానికి ఇద్దరు స్నేహితులున్నారు. నమ్మకం ఆఖరి రెండు సెకన్లకు పనికొచ్చిందేమో, కాదనను, మొదటి నాలుగు నిమిషాలకు మాత్రం కాళ్ళు కావాలి. తెలివి పెరుగుతుంది అనే నమ్మకాన్ని పిల్లలకు నేర్పే కార్యక్రమాల సంగతీ ఇంతే. 2019లో అమెరికాలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసిన పెద్ద పరిశోధనలో గంటలోపు పాఠంతోనే వెనకబడిన పిల్లల మార్కులు కొంచెం పెరిగాయి. కొంచెం అంటే నిజంగా కొంచెమే. గంట ఖర్చుకు ఆ మాత్రం రావడం మంచి బేరమే, జీవితం మారిపోయింది అని చెప్పుకునేంత మాత్రం కాదు. మీరు కూడా ఆ లెక్కలోనే ఆశ పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చేదు మాట. మీరు పట్టుకున్న తప్పును మేనేజర్ తన మాటగా చెప్పారన్నారు. అది మీ ఆలోచనా విధానం వల్ల జరిగింది కాదు, ఆయన చేసిన పని అది. ఈ "అంతా మన మనసులోనే ఉంది" అనేవాళ్ళతో నా పెద్ద తగాదా ఇదే, పక్కవాడు మన కాలు తొక్కితే కూడా మన ఆలోచన సరిచేసుకోమంటారు. నాకూ జరిగింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాత్రుళ్ళు కూర్చుని రాసిన రిపోర్టు ఇంకొకరి పేరుతో పైకి వెళ్ళింది, నేనూ నోరెత్తలేదు, నాకే చేతకాదు అనుకుని ఏడాది గడిపాను. ఆ ఏడాది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకని చెప్తున్నా, ఇకనుంచి ఏ తప్పు పట్టుకున్నా నోటితో చెప్పి ఊరుకోకండి, రెండు లైన్ల మెయిల్ పెట్టండి, ఆ పనితో సంబంధం ఉన్నవాళ్ళందరినీ అందులో చేర్చండి. గొడవ పెట్టుకున్నట్టు ఉండదు, తారీకుతో సహా మీ పేరు ఉంటుంది. తర్వాత మేనేజర్‌ను విడిగా కలిసి "వచ్చేసారి ప్రమోషన్‌కు నన్ను చూడాలంటే నాలో మీకు ఏం కనిపించాలి?" అని సూటిగా అడగండి. ఆయన చెప్పే జవాబు స్పష్టంగా ఉంటే మీకు ఒక దారి దొరికినట్టు. నీళ్ళు నమిలితే అదీ జవాబే, అప్పుడు ఇంకో చోట ఉద్యోగం చూసుకోవడం కూడా సరైన ఆలోచనే అవుతుంది, దాన్ని పారిపోవడం అని ఎవరైనా అంటే వినకండి.

ఇంకొకటి. ఉత్తరం చివర్లో ఇంకా నీరసంగా ఉంది అని రాశారు. అది పనితో వచ్చిన విసుగైతే పైన చెప్పినవి చాలు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోయినా, నిద్రా ఆకలీ తప్పినా మాత్రం నా సమాధానం పక్కనపెట్టి సైకాలజిస్టునో డాక్టర్నో కలవండి. పైన చెప్పిన సోదా పని వాళ్ళు మీతో కూర్చుని, నాకంటే ఎంతో బాగా చేయిస్తారు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

ఇక ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన వాక్యం దగ్గరికి వస్తాను. "కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది మాత్రం నేనే." ఆ "మాత్రం" ఏంటి? నలుగురికి అర్థమయ్యేలా పని చెప్పగలిగే మనిషి, మనుషుల ముందు మాట్లాడలేనని ఎలా రాసుకున్నారో నాకు అర్థం కాలేదు. బహుశా నేర్పడం మాట్లాడటం కిందికి రాదనుకున్నారు. ఎంతమందికి నేర్పారో పేర్లతో సహా ఒక కాగితం మీద రాయండి, వాళ్ళలో ఎవరైనా మీరు చెప్తుంటే నవ్వారేమో పక్కనే గుర్తుపెట్టండి. మీటింగుకు వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఒకరు ఆ రూములో ఎక్కడ కూర్చుంటారో చూసుకుని, మీ వాక్యం వాళ్ళకే చెప్తున్నట్టు చెప్పండి.

వచ్చే మీటింగు అయ్యాక నాకు మళ్ళీ రాయండి. వాక్యం చెప్పారా, గొంతు వణికిందా, ఎంతమంది నవ్వారు, అంకెతో రాయండి. ఒకవేళ చెప్పలేకపోతే అదీ రాయండి, ఏ క్షణంలో ఆగిపోయారో, ఎవరు మాట్లాడుతున్నప్పుడు, తెర మీద ఏముందో గుర్తున్నంత వరకు. తర్వాతి వాక్యం ఎక్కడ పెట్టాలో అది చూసి ఇద్దరం ఆలోచిద్దాం.